బెళుగుప్ప నుంచి కొరియా పల్లెకు ఎంత దూరం?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగారు. "మీరు పీజీ చేసినారు కదా, తమ్ముళ్లకు స్ఫూర్తిగా ఉండేటట్లు ఒక విజయగాథ రాయండి" అన్నారు. మాది ఇంకా విజయం కాలేదు. మధ్యలో ఒకసారి బాగా మోసపోయాం కూడా. అయినా మా తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాం.

మొదటినుంచీ "మేము" అని రాస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఒకే ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివిన ఇద్దరం మేము. ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు బెళుగుప్ప హాస్టల్లో పక్కపక్కనే పడుకున్నాం. ఇంటరు, డిగ్రీ, అనంతపురంలో ఎం.ఏ. ఇంగ్లీషు కూడా కలిసే చదివాం. మా రెండిళ్లలో డిగ్రీ పాసైన మొదటివాళ్లం మేమే. ఒక ఇంట్లో కూలి పని, ఇంకో ఇంట్లో నాలుగెకరాల మెట్ట, పది గొర్రెలు. మెట్ట అంటే మీకు చెప్పాల్సిన పని లేదు. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే బెంగుళూరు బస్సు.

ఇస్కూలు

మేము ఇంగ్లీషు ఎం.ఏ. చేయడానికి కారణం ఒక అవమానం. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒక రోజు క్లాసులో లేచి మమ్మల్ని మేము పరిచయం చేసుకోమన్నారు. మాలో ఒకడు లేచి "మై ఇస్కూల్ ఈజ్ ఇన్ బెళుగుప్ప" అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. వెనక బెంచీ నుంచి ఎవరో "ఇస్కూలు, ఇస్టేషను" అని వెక్కిరించారు. ఆ రాత్రి హాస్టల్ మిద్దెమీద ఇద్దరం కూర్చుని స్కూల్, స్కూల్ అని నూరుసార్లు అనుకున్నాం. ఎన్నిసార్లు అన్నా ముందు ఒక "ఇ" వచ్చి నిలబడుతూనే ఉంది. అది పోవడానికి మాకు దాదాపు ఆర్నెల్లు పట్టింది. అది పోయేసరికి ఆ భాష మీద పట్టుదల పెరిగింది. దాన్నే చదవాలనుకున్నాం.

2024 ఫిబ్రవరిలో ఎం.ఏ. చివరి సెమిస్టరులో ఉండగా ఒక సీనియర్ అన్న ఫోనులో ఒక సంగతి పంపాడు. దక్షిణ కొరియా పల్లెటూళ్ల బడుల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాళ్లు కావాలట. ఏడాది కాంట్రాక్టు. ఉండడానికి ఇల్లు వాళ్లే ఇస్తారు. జీతం మన డబ్బుల్లో నెలకు లక్షకు పైనే. మేము ఆ లెక్కను నోటు పుస్తకంలో రెండుసార్లు వేసుకున్నాం. ఏడాది పనిచేస్తే రెండిళ్ల అప్పులూ తీరిపోతాయి, ఇంకా మిగులుతుంది.

ఆ వారం ఊరికి పోయి ఇంట్లో చెప్పాం. అమ్మ "ఎన్ని దినాలకు తిరిగొస్తారు?" అని ఒక్కటే అడిగింది. జేజి మాత్రం పంచలో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తా పెద్ద లాయరు మాదిరి ప్రశ్నలు వేసింది.

"ఆడ వానలు పడ్తాయా?"

"శానా పడ్తాయి జేజీ. మనకన్నా రెండింతల పైనే."

మన అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 552 మిల్లీమీటర్లు. కొరియాలో సుమారు 1,300. అది చెబితే జేజి చేతిలో కాయ పక్కన పెట్టి, "అంత వాన పడే ఊరోల్లు ఊరిడిసి యాల పోతాండారు? బడికి పంతులు గూడా దొరకనంతగా?" అంది.

అప్పుడు మా దగ్గర జవాబు లేదు. నవ్వేసి ఊరుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది. కొరియా జనాభాలో సగం మందికి పైగా సియోల్ నగరంలో, దాని చుట్టుపక్కలే ఉంటున్నారు. చదువుకు, ఉద్యోగానికి పిల్లలందరూ అక్కడికే పోతారు. పల్లెల్లో ముసలివాళ్లు మిగులుతారు. పైగా ఆ దేశంలో పుట్టే పిల్లలే తక్కువ. 2023లో ఒక్కో స్త్రీకి సగటున 0.72 మంది పిల్లలు. 1980ల నుంచి మూడు వేలకు పైగా బడులు మూతబడ్డాయి. మన దగ్గర వాన లేక ఊరు విడిచిపోతారు. అక్కడ వాన పడుతున్నా విడిచిపోతున్నారు. జేజి అడిగిన ప్రశ్న ఎం.ఏ. చదివిన మాకు తట్టనేలేదు.

ఏడు దేశాలు

ఊరినుంచి తిరిగొచ్చాక నెట్ సెంటరులో కూర్చుని వివరాలు చూశాం. కొరియా ప్రభుత్వం 1995 నుంచి "ఎపిక్" అనే పథకం కింద తమ బడుల్లో ఇంగ్లీషు చెప్పడానికి బయటి దేశాలవాళ్లను తీసుకుంటోంది. ప్రత్యేకంగా పల్లె ప్రాథమిక బడుల కోసం 2008లో "టాక్" అనే ఇంకో పథకం మొదలుపెట్టారు. అది 2021లో ఆగిపోయింది. ఎపిక్ ఇప్పటికీ ఉంది. కానీ మామూలు దారిలో దానికి దరఖాస్తు చేయాలంటే ఏడు దేశాల్లో ఒక దేశపు పౌరులై ఉండాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా.

ఇద్దరం ఆ జాబితాను కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చదివాం. మన దేశం లేదు.

దక్షిణాఫ్రికా ఎందుకుందా అని ఆలోచించాం. ఆ దేశంలో 12 అధికార భాషలున్నాయి. అక్కడ చాలామంది పిల్లలకు ఇంట్లో ఒక భాష, బడిలో ఇంగ్లీషు, అచ్చం మనకు మాదిరే. మేము నూరుసార్లు అని దిద్దుకున్న "స్కూల్" అనే మాట ఎవరూ వినకుండానే పాస్‌పోర్టు అట్ట చూసి తలుపు వేసేశారనిపించింది. వీధి పేరు విని మనిషిని లెక్కగట్టే ఊళ్లనుంచి వచ్చినవాళ్లం కాబట్టి అది మాకు కొత్తగా అనిపించలేదు. బాధ మాత్రం కలిగింది.

మేము చేసిన తప్పు

ఇక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగలేదు.

ఆ సమయంలోనే ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. "రూల్స్ పేపరు మీద ఉంటాయి బ్రదర్, మనుషులు వేరే పోతుంటారు" అన్నాడు. టూరిస్టు వీసా మీద పంపిస్తాడట, అక్కడికి పోయాక దాన్ని టీచరు వీసాగా మారుస్తాడట. మనిషికి లక్షన్నర. ముందు ఇరవై వేలు కడితే ఫైలు కదులుతుంది అన్నాడు. కొరియాలో టూరిస్టు వీసా మీద పాఠాలు చెప్పడం నేరమని మాకు అప్పుడు తెలియదు. తెలుసుకుందామని కూడా ప్రయత్నించలేదు. ఆశ పుట్టినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు నోట్లోనే ఆగిపోతాయి.

ఒక ఇంట్లో రెండు గొర్రెలు అమ్మారు. ఇంకో ఇంట్లో అమ్మ పొదుపు సంఘంలో ఇరవై వేలు అప్పు తెచ్చింది. ఎందుకని సంఘంలో అడిగితే "పిల్లోడు కొరియాకు పోతాండాడు" అని చెప్పిందట. సంఘంలో ఆడవాళ్లందరూ చప్పట్లు కొట్టారట. డబ్బు కట్టిన పదకొండో రోజుకు ఏజెంటు ఫోను స్విచ్ ఆఫ్. ఆఫీసు ఉందన్న చోటికి పోతే తాళం, తలుపుమీద అద్దెకు ఇవ్వబడును అనే కాగితం.

ఆ రోజు బస్టాండులో మేము ఇద్దరం ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. ఇంట్లో మాత్రం "వీసా ఆలస్యమవుతోంది" అని చెప్పాం. అలా నాలుగు నెలలు చెప్పాం. పొదుపు సంఘం కంతు వచ్చిన ప్రతి నెలా ఆ అబద్ధం ఇంకొంచెం బరువైంది. తమ్ముళ్లారా, ఈ సంగతి మన హాస్టల్లో ఎవరికీ తెలియదు. ఈ సంచికలోనే మొదటిసారి చెబుతున్నాం.

పెనుకొండలో కొరియా

పోగొట్టుకున్న నలభై వేలు సంపాదించాలి. పరీక్షలు అయిపోయిన వెంటనే రెండు బస్సులు మారి పెనుకొండ దిక్కు పోయాం. మేము పదో తరగతి రాసిన 2017లోనే కియా కంపెనీ మన రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీ కట్టింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే శక్తితో కట్టిన ఫ్యాక్టరీ అది. అప్పుడు అదంతా అనంతపురం జిల్లానే. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. దాని చుట్టూ విడిభాగాలు చేసే చిన్న కంపెనీలు వచ్చాయి. అట్లాంటి ఒక కంపెనీలో మాకు ప్యాకింగ్ పని దొరికింది. నెలకు పదమూడు వేలు.

ఒక సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. 2012లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు మన మండలంలోని జీడిపల్లి రిజర్వాయరుకు వచ్చాయి కదా. అక్కడినుంచి ఆ కాలువ కిందికి పోయి గొల్లపల్లి రిజర్వాయరును నింపుతుంది. కార్ల ఫ్యాక్టరీకి నీళ్లు ఆ గొల్లపల్లి నుంచే. అంటే మన ఊరి పక్కన ఆగిన నీళ్లు మాకంటే ముందే కొరియావాళ్ల దగ్గరికి పోయి పనిలో చేరాయి.

జాతీయ రహదారి పక్కన బోర్డులమీద ఇంగ్లీషు, తెలుగు, కొరియా అక్షరాలు మూడూ కనిపిస్తాయి. మాకు రూము మాత్రం అంత సులభంగా దొరకలేదు. మూడిళ్లలో బాడుగ మాట్లాడుకున్నాక "మీరేమిట్లు?" అని అడిగారు. చెప్పాం. మూడిళ్లలోనూ అప్పటికప్పుడు చుట్టాలు వస్తున్నారని గుర్తుకొచ్చింది. చివరికి కంపెనీలో పనిచేసే కర్నూలు పిల్లలతో కలిసి ఒక రేకుల గదిలో చేరాం.

మా సెక్షనులో ఒక కొరియా సూపర్‌వైజరు ఉండేవాడు. యాభై ఏళ్లుంటాయి. మొదటి రోజు ఆయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న "మీ వయసెంత?" పేరుకన్నా ముందే వయసు అడిగాడు. తర్వాత తెలిసింది, వాళ్ల భాషలో ఎదుటి మనిషి పెద్దా చిన్నా తెలియకపోతే మాటను ఎట్లా ముగించాలో తెలియదు. మన "వచ్చినావా", "వచ్చినారా" మాదిరి. మొదటి మాటకే "మీరేమిట్లు" అని అడిగించుకున్న మాకు, వయసు అడిగే ప్రశ్న చల్లగా తగిలింది. వాళ్ల దేశంలో తేడాలే లేవని మేము అనడం లేదు. ఒంటి రంగు చూసేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. ఆ రోజు మాకు కలిగింది రాస్తున్నాం, అంతే.

ఒకరోజు ఆయన "కొపి" అన్నాడు. ఏదో జిరాక్సు కాపీ అడుగుతున్నాడనుకుని కాగితాలు తెచ్చాం. ఆయన తల అడ్డంగా ఊపి గ్లాసు ఎత్తి తాగినట్టు చూపించాడు. కాఫీ! మాకు నవ్వు ఆగలేదు. ఎందుకంటే మా జేజి కూడా "కాపీ" అనే అంటుంది. కొరియా భాషలో "ఫ" లేదు, "ప"తో సరిపెట్టుకుంటారు. బస్‌ను మనం "బస్సు" అంటాం, వాళ్లు "బొసు" అంటారు. మాట చివర "స్" లాంటి హల్లు మిగిలిపోతే మనకూ వాళ్లకూ తోచదు, ఒక అచ్చు తగిలిస్తాం. "స్కూల్"ను ఏమంటారని అడిగాం. ఆయన "సుకుల్" అన్నాడు.

సుకుల్! మనది "ఇస్కూలు", వాళ్లది "సుకుల్". మనం ముందు ఒక అచ్చు పెట్టాం, వాళ్లు మధ్యలో పెట్టారు. డిగ్రీ క్లాసులో ఆ రోజు నవ్వినవాళ్లందరినీ పిలిచి ఈ ముక్క వినిపించాలనిపించింది.

ఆయనకు ఇంగ్లీషు బాగా రాదు. మాకు కొరియా భాష రాదు. షిఫ్టు అయ్యాక క్యాంటీనులో అరగంట మేము ఆయనకు ఇంగ్లీషు చెప్పడం, ఆయన మాకు కొరియా భాష చెప్పడం మొదలైంది. వాళ్ల లిపి పేరు హంగుల్. 1443లో సేజోంగ్ అనే రాజు తయారుచేయించి 1446లో ప్రజలకు ప్రకటించాడు. మామూలు జనం కూడా సులభంగా చదవాలనేది ఆయన ఉద్దేశం. 14 హల్లులు, 10 అచ్చులు, మొత్తం 24. గుణింతాలు నేర్చిన మనకు అదొక లెక్క కాదు. వారం రోజుల్లో రోడ్డుపక్క బోర్డులు చదివేశాం, అర్థం మాత్రం తెలియదు.

తర్వాత వాక్యాలు. "నానున్ బాబుల్ మొగొయో" అన్నాడు. నానున్ అంటే నేను. బాబుల్ అంటే అన్నాన్ని. మొగొయో అంటే తింటాను. "నేను అన్నం తింటాను" అని మనం ఏ వరుసలో అంటామో అదే వరుస. క్రియ చివరికే వస్తుంది. "గారు" అనే చోట వాళ్లకు "నిమ్" ఉంది. పంతులుగారిని "సన్‌సెంగ్‌నిమ్" అంటారు. అమ్మను "ఒమ్మా" అంటారు. అన్నకు ఒక మాట, తమ్ముడికి ఒక మాట. ఇంగ్లీషులో మాదిరి ఇద్దరినీ ఒకే గాట కట్టరు. రెండు భాషలకూ చుట్టరికం ఉందని మేము చెప్పడం లేదు, పోలిక మాత్రం నేర్చుకునేవాడికి మేలు చేస్తుంది. అన్నిటికంటే మాకు నచ్చింది, వాళ్లు కలిసినప్పుడు "అన్నం తిన్నారా?" అని పలకరించుకుంటారు. మన హాస్టల్లో సాయంత్రం వంట అక్క అడిగినట్టే.

ఇంగ్లీషు చెప్పేటప్పుడు మాకు ఒక విషయం తెలిసొచ్చింది. ఆయన "ఐ రైస్ ఈట్" అని రాసేవాడు. ఆరో తరగతిలో మేము రాసిందీ అదే. ఆ తప్పు ఎక్కడ పుడుతుందో, ఎట్లా సర్దుకుంటుందో మాకు బాగా తెలుసు, మేము అదే గుంతలో పడి లేచినవాళ్లం. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు ఆ గుంత ఉందనే తెలియదు. అందుకే ఆయన "మీరు చెప్తే అర్థమవుతుంది" అన్నాడు. మాకు ఇంగ్లీషు ఎం.ఏ. పట్టా కంటే ఆ మాట పెద్ద సర్టిఫికెట్టు.

ఒక సాయంత్రం ఆయన ఫోనులో ఒక ఫోటో చూపించాడు. గడ్డి మొలిచిన ఆవరణ, తుప్పుపట్టిన ఊయల, మూసిన తలుపులు. ఆయన చదువుకున్న ఊరి బడి. పిల్లలు లేక మూసేశారట. ఆయన ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేదు. కొంతసేపటికి ఫోను జేబులో పెట్టుకుని పాఠం చెప్పమన్నాడు.

ఉన్న దారి

ఆ రోజుల్లోనే మళ్లీ నిబంధనలు మొదటినుంచి చదివాం. ఈసారి ఎవరినీ నమ్మకుండా, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాం. భారతదేశానికీ కొరియాకూ 2009 ఆగస్టులో ఒక ఆర్థిక ఒప్పందం కుదిరింది. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. "సెపా" అంటారు. వస్తువుల మీద సుంకాలు తగ్గించడం దాని ముఖ్యమైన పని. అందులోనే మన దేశంనుంచి అక్కడికి పోయి పనిచేయగల వృత్తులవాళ్ల జాబితా ఒకటుంది. కంప్యూటరు ఇంజనీర్లు వగైరాల మధ్య ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులు అనే మాట కనబడింది. ఇంగ్లీషులో డిగ్రీతోపాటు ఉపాధ్యాయ అర్హత కూడా ఉన్న భారతీయులకు ఆ దారి ఉంది. ఏడు దేశాల జాబితాలో లేని మన పేరు ఈ ఒప్పందంలో ఉంది.

మాకు డిగ్రీ ఉంది, ఎం.ఏ. ఉంది, బి.ఎడ్. లేదు.

మళ్లీ నోటు పుస్తకం తీశాం. బి.ఎడ్. రెండేళ్లు. ఆ రెండేళ్లు కంపెనీలోనే ఉంటే మనిషికి మూడు లక్షలు వస్తాయి. ఇంటి దగ్గర అప్పు ఆగి ఉంది. పైగా బి.ఎడ్. చేసినా కొరియా వీసా వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. రాకపోతే? రాకపోతే ఇక్కడ డీఎస్సీ రాయొచ్చు అనుకున్నాం. అప్పుడు ముందుగా చేయాల్సిన పని ఒకటి మిగిలింది. ఇంట్లో నిజం చెప్పాలి.

మూడు నెలల జీతంలో నలభై వేలు మిగిల్చుకుని ఇద్దరం కలిసే రెండిళ్లకూ పోయాం. ఒక్కరం పోవడానికి ధైర్యం చాలలేదు. డబ్బు చేతిలో పెట్టి ఉన్నదంతా చెప్పాం. అమ్మ తిట్టలేదు. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుని, "ఫోన్‌లో నీ గొంతు ఇంటే తెలీదా నాకు? ఎప్పుడు సెప్తావో అని సూస్తాండా" అంది. నాలుగు నెలలుగా ఆమెకు తెలుసు. సంఘంలో అడిగినవాళ్లకు మాత్రం మా కోసం అబద్ధం చెబుతూ వచ్చింది.

తర్వాత "బి.ఎడ్. సేరండి. గొర్రెలు మల్ల ఈనుతాయి" అంది.

అట్లా 2024లో బి.ఎడ్.లో చేరాం. 2026లో ముగుస్తుంది.

ఆదివారం క్లాసు

సెలవు దొరికిన ఆదివారాలు మన హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్లకు ఇంగ్లీషు చెబుతున్నాం. మీలో చాలామందికి తెలుసు. దీన్ని సేవ అని మైకులో చెప్పకండి. మాకు ఇది ప్రాక్టీసు. బెళుగుప్ప పిల్లవాడికి చెప్పలేనివాళ్లం కొరియా పిల్లవాడికి ఏం చెబుతాం? మొదటి క్లాసులో బోర్డుమీద "ఇస్కూలు", "సుకుల్", "స్కూల్" అని మూడూ రాసి, ఎవరూ ఎవరినీ చూసి నవ్వాల్సిన పని లేదని చెప్పాం. ఆ రోజునుంచి వెనక వరుసలో కూర్చునే పిల్లలు కూడా గట్టిగా చదువుతున్నారు. తప్పులు పోవడానికి టైము పడుతుంది. ముందు భయం పోవాలి.

ఎనిమిదో తరగతి తమ్ముడొకడు మొన్న "అన్నా, మీరు కొరియాకు పోతే మాకెవురు సెప్తారు?" అని అడిగాడు. మేము తడుముకున్నాం. నిజం చెప్పాలంటే దీనికి మా దగ్గర మంచి జవాబు లేదు. పోకుండా ఉంటే అప్పు తీరదు. పోతే ఇక్కడ ఒక ఖాళీ. ఆ సూపర్‌వైజరు ఫోనులోని బడి ఫోటో అప్పుడు గుర్తుకొస్తుంది. వాళ్ల ఊరు కూడా ఒక్కొక్కరే "ఏడాది పోయొస్తా" అనుకుంటూ ఖాళీ అయి ఉంటుంది. అందుకని మేము రెండు పనులు చేస్తున్నాం. తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్లు నలుగురికి చిన్న తరగతులకు చెప్పడం నేర్పుతున్నాం. పోయిన నెల మేము రాలేని ఆదివారం వాళ్లే క్లాసు జరిపారు. ఇంకోటి, పోతే ఏడాదికి పోయి వస్తామని అమ్మలకు మాట ఇచ్చాం.

తమ్ముళ్లకు నాలుగు మాటలు చెప్పి ముగిస్తాం.

ఒకటి. పదో తరగతి మార్కుల జాబితాలో, ఆధార్‌లో మీ పేరు, ఇంటిపేరు, నాన్న పేరు ఒకే స్పెల్లింగులో ఉన్నాయా ఇప్పుడే చూసుకోండి. మాలో ఒకడి నాన్న పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. సరిచేయించుకోవడానికి ఏడు నెలలు తిరిగాం.

రెండు. డిగ్రీ అయ్యాక ప్రొవిజనల్‌తో సరిపెట్టుకోకుండా ఒరిజినల్ పట్టా తీసుకోండి. విదేశానికి పోవాలంటే ఆ పట్టామీద మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే ముద్ర కావాలి. దానికి ఒరిజినలే ఉండాలి. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు కూడా కావాలి.

మూడు. ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బు అడిగేవాడికి రూపాయి కూడా ఇవ్వకండి. టూరిస్టు వీసా మీద పంపిస్తామంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. నిబంధన కాగితం ఇంగ్లీషులో ఉందని భయపడకుండా మీరే చదవండి. అర్థం కాకపోతే మా దగ్గరికి తీసుకురండి.

నాలుగు. మోసపోతే ఇంట్లో చెప్పండి. వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది.

చివరగా జేజి సంగతి. దక్షిణ కొరియాలో కాంగ్‌జిన్ అనే పల్లె ప్రాంతంలో ఒక ప్రాథమిక బడికి 2019లో ఒకటో తరగతిలో చేరే పిల్లలే కరువయ్యారు. బడి మూతపడకుండా ఉండాలని చిన్నప్పుడు చదువు దొరకని అవ్వలను ఒకటో తరగతిలో చేర్చుకున్నారు. డెబ్బై ఏళ్ల అవ్వలు బ్యాగు తగిలించుకుని బడి బస్సెక్కారు. ఈ సంగతి చదివి జేజికి చెప్పాం.

జేజి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గాలిమరల దిక్కు చూస్తా కూర్చుంది. తర్వాత "ఆ ఇస్కూల్లో మద్దేన్నం బువ్వ పెడ్తారా?" అని అడిగింది.

"పెడ్తారు జేజీ."

"అట్లయితే మీరు పోయినప్పుడు నా పేరు గూడా రాపిచ్చండి" అని, బొటనవేలు చీరకు తుడుచుకుని మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

వచ్చే ఆదివారం క్లాసు పది గంటలకు. పలకొకటి ఎక్కువ తెస్తున్నాం. జేజిని కూడా పిలుచుకొస్తాం.